పేరు మనది, రొయ్య ఎవరిది?



"సముద్రం అక్కర్లేదు. షెడ్డు వేసి తొట్లు పెడితే పొదిల్లోనూ రొయ్యలు పండుతాయి. ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ. ఆధార్, కుల సర్టిఫికెట్ ఇవ్వు చాలు, మిగతాది మేం చూసుకుంటాం." వినడానికి తీపిగానే ఉంది. ఆ "మిగతాది" ఏందో మాత్రం చెప్పరు. మనమే చెప్పుకుందాం.

2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం, మిగతావాళ్లకు 40 శాతం సాయం ఉంది. నిజమే. కానీ 50 బయోఫ్లాక్ తొట్ల పెద్ద యూనిట్ ఖర్చు ఆ పథకం లెక్కలోనే 50 లక్షలు. సర్కారు 30 లక్షలు ఇచ్చినా 20 లక్షలు మనం పెట్టాలి. ఏ సుగాలి తండాలో, ఏ యానాది కాలనీలో ఉన్నాయి అంత డబ్బులు? అవి పెట్టేవాడే అసలు యజమాని. మన కుల సర్టిఫికెట్ వాడికి 10 లక్షల అదనపు రాయితీ, అంతే. లాభం వాడిది, బ్యాంకు నోటీసు మనది.

తొట్లో కిక్కిరిసి పెరిగే వెనామీకి రాత్రింబగళ్లు గాలి కొట్టాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే గంటల్లో పంట పోతుంది. మేత, రెట్ట నుంచి పుట్టే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియాని బతికించుకోవాలి. నీళ్లు తిప్పి వాడినా, చివరికి ఆ బురద, ఉప్పునీళ్లు ఎక్కడో వదలాలి. ఎక్కడ? మన వాగులోనా? అసలే ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం, ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే ప్రాంతం మనది.

కోస్తా ఇది ముందే చూసింది. రొయ్యల గుంటలతో పొలాలు, బావులు ఉప్పు బారితే, కాలుష్యం చేసినవాడే పరిహారం కట్టాలని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో చట్టం తెచ్చి ఆ గుంటలకే గొడుగు పట్టారు. గట్టు మీద కాపలాకి మాత్రం యానాదులు కావాల్సొచ్చారు.

మేం తొట్లు వద్దనట్లేదు, బినామీ బతుకు వద్దంటున్నాం. మన పిల్లలు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ దాకా చదవాలి. రాయితీ మన పేరున వస్తే ఖాతా, తాళం, లెక్కల పుస్తకం కూడా మన చేతిలోనే ఉండాలి.

ఎవరైనా ఆధార్ అడిగితే మూడే ప్రశ్నలు వెయ్యండి. ఆ 40 శాతం ఎవరిది? పంట పోతే అప్పు ఎవరిది? ఉప్పునీళ్లు ఎక్కడికి? మూడింటికీ కాగితం మీద జవాబు ఇవ్వకపోతే సంతకం పెట్టొద్దు. చదవలేని పెద్దోళ్లకి ఇది చదివి వినిపించండి.