రెజ్యూమెలో ‘ఎంబెడెడ్ లైనక్స్’ ఉందా? అయితే క్లాక్ సంగతి చెప్పండి!

ఈసీఈ, ట్రిపుల్‌ఈ చదివిన చాలామంది రెజ్యూమెల్లో ‘ఎంబెడెడ్ లైనక్స్’ అన్న మాట కనిపిస్తుంది. ఎల్‌ఈడీ వెలిగించిన ప్రాజెక్టు, పక్కనే ఓ సర్టిఫికెట్. తప్పేం లేదు. కానీ నన్నడిగితే, ఇంకో కోర్సుకి ఫీజు కట్టేముందు డివైజ్ ట్రీలో ఒక్క క్లాక్ నోడ్ చదవడం నేర్చుకోండి.

ఎందుకంటారా? యూఎస్‌బీ పరికరాన్ని పీసీకి తగిలిస్తే తానేంటో తానే చెబుతుంది. ఆర్మ్ చిప్‌లోని సీరియల్ పోర్టు అలా చెప్పదు. అది ఏ అడ్రస్‌లో ఉంది, దానికి ఏ క్లాక్ అందుతోంది అన్నది మనమే కెర్నల్‌కి రాసివ్వాలి. ఆ రాతే డివైజ్ ట్రీ. బోర్డు మీద 24 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటే, ‘ఫిక్స్‌డ్-క్లాక్’ నోడ్‌లో ఫ్రీక్వెన్సీ 24000000 అని రాస్తాం. దాన్ని వాడుకునే పరికరం తన నోడ్‌లో ‘క్లాక్స్’ అనే ప్రాపర్టీతో దాన్ని చూపిస్తుంది.

ఇందులో ఒక్క అంకె తప్పితే? 24కి బదులు 25 అని రాశారనుకుందాం. పోర్టు 16550 రకం. 115200 బాడ్ రేటు కోసం డ్రైవర్ 25000000ని 16×115200తో భాగిస్తుంది. 13.56 వస్తుంది, అంటే 14. అసలు క్లాక్ 24 కాబట్టి దక్కే వేగం దాదాపు 107143. తేడా 7 శాతం! స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలే. కంపైలర్ మాత్రం ఏమీ అనదు.

క్లాక్ గురించి అసలు రాయకపోతే ఇంకో చిక్కు. బూట్‌లోడర్ ఆన్ చేసి వదిలిన క్లాక్‌ని ఎవరూ అడగకపోతే, బూట్ చివర్లో లైనక్స్ ఆపేస్తుంది. అప్పటిదాకా బాగానే ఉన్న పరికరం ఉన్నట్టుండి మూగబోతుంది. ఇలాంటిచోటే డేటాషీట్, సర్క్యూట్ చదవగలిగిన ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి అసలు విలువ. ఆ బలాన్ని వదిలేసి అందరూ వెళ్లే దారిలోనే క్యూ కట్టడం ఎందుకు?

బోర్డు లేదన్న సాకు వద్దు. క్యూఈఎంయూ ఉచితం. దాని ఆర్మ్ ‘విర్ట్’ మెషీన్‌కి ‘డంప్‌డీటీబీ’ ఆప్షన్ ఇస్తే డివైజ్ ట్రీ ఫైలుగా చేతికొస్తుంది. డీటీసీ టూల్‌తో దాన్ని చదవగలిగే రూపంలోకి మార్చండి. క్లాక్ నోడ్‌లోని హెక్సా అంకెని దశాంశంలోకి తెస్తే సరిగ్గా 24000000. పీఎల్011 సీరియల్ పోర్టు ఆ క్లాక్‌నే ఎలా చూపిస్తోందో వెతకండి. ఒక సాయంత్రం పని.

ఇది తెలిస్తే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. కానీ ‘ఈ పోర్టుకి క్లాక్ ఎక్కణ్నుంచి వస్తోంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, తడుముకోకుండా నోడ్ మీద వేలు పెట్టి చూపిస్తారు. ఆ పని ఏ సర్టిఫికెట్టూ చేసిపెట్టదు.