ఎలక్ట్రాన్ల కొలతలో వ్యోమనౌక వాటా ఎంత?

శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న పీఎస్‌ఎల్‌వీ-సీ57 రాకెట్‌పై బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న ఎల్1 బిందువు చుట్టూ నిర్దేశిత కక్ష్యలోకి చేరింది. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుని దిశగా ఉన్న ఆ కావలి స్థానం నుంచి అది సౌర పవనాలను నిరంతరం కొలుస్తున్నది. 2025 జనవరిలో ఇస్రో ఆ సమాచారాన్ని పరిశోధకుల కోసం విడుదల చేసింది. ఉపకరణం పంపిన అంకెను ఉన్నది ఉన్నట్లుగా స్వీకరించవచ్చునా అన్న ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం ఏర్పడింది. ఎలక్ట్రాన్ల విషయంలో మాత్రం స్వీకరించరాదన్నదే సమాధానం.

సౌర పవనం ప్లాస్మా రూపంలో ఉంటుంది. అంటే ఎలక్ట్రాన్లు, ధనావేశం గల అయాన్లు విడివిడిగా సంచరించే స్థితి. ఆదిత్యలోని ‘పాపా’ అనే ఉపకరణం ఈ రెంటినీ కొలుస్తుంది. దీనిని తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి చెందిన అంతరిక్ష భౌతిక శాస్త్ర ప్రయోగశాల రూపొందించింది. ఇందులోని ‘స్వీప్’ అనే భాగం 10 నుంచి 3,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రాన్లను గుర్తిస్తుంది. 2024 ఫిబ్రవరి 10, 11 తేదీలలో సూర్యుని నుంచి వెలువడిన ద్రవ్యరాశి ప్రభావాన్ని ‘పాపా’ నమోదు చేసినట్లు ఇస్రో ప్రకటించింది.

చిక్కంతా కొలిచే నౌకతోనే వస్తుంది. ఎండ తగిలిన లోహపు ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడుతాయి. వాటిని కోల్పోయిన నౌక కొన్ని వోల్టుల మేరకు ధనావేశాన్ని పొందుతుంది. ఆ ఆవేశం బయటి ఎలక్ట్రాన్లను తనవైపు ఆకర్షించి, వాటి వేగాన్ని పెంచుతుంది. నౌక ఆవేశం 5 వోల్టులు అనుకుందాం. 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చిన కణం ఉపకరణానికి 15గా కనిపిస్తుంది; అంటే సగానికి సగం ఎక్కువ. 1,000 ఎలక్ట్రాన్ వోల్టుల కణం 1,005గా కనిపిస్తుంది. ఆ తేడా లెక్కలోకి రాదు. సౌర పవనంలోని అత్యధిక ఎలక్ట్రాన్ల శక్తి 10 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలోనే ఉండటం వల్ల, పొరపాటు కూడా అత్యధిక భాగాన్నే తాకుతుంది. దీనికి తోడు, నౌక నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లలో కొన్ని వెనుదిరిగి వచ్చి, సూర్యుని నుంచి వచ్చిన వాటితో కలిసిపోతాయి.

భిలాయి పక్కనున్న జాముల్ వంటి సిమెంటు కేంద్రాలలో నివసించే శ్రోతలకు ఇది సులువుగానే బోధపడుతుంది. కర్మాగారంలోకి వచ్చిన లారీని మొదట ఖాళీగా, తరువాత సరుకుతో కాటాపై తూస్తారు. లారీ బరువును తీసివేస్తేనే సిమెంటు బరువు తెలుస్తుంది. అంతరిక్షంలో మాత్రం ఆ ‘ఖాళీ లారీ’ బరువు క్షణక్షణం మారుతుంది. ప్లాస్మా పలుచబడితే నౌక ఆవేశం పెరుగుతుంది, చిక్కబడితే తగ్గుతుంది. సౌర తుపాను వేళ ఈ మార్పులు తీవ్రమవుతాయి. అధిక శక్తి కణాలు ఉపకరణం గోడలను దాటి లోపలికి చొరబడి లెక్కను మరింత కలుషితం చేయగలవు. కొలత ఎంతో అవసరమైన సమయంలోనే దానిని సరిదిద్దడం అత్యంత కష్టమవుతున్నదన్నమాట.

దీనికి ప్రపంచవ్యాప్తంగా కొన్ని మార్గాలు అమలులో ఉన్నాయి. ఐరోపా క్లస్టర్ నౌకలపైన, 2015లో అమెరికా ప్రయోగించిన నాలుగు ఎంఎంఎస్ నౌకలపైన ఇండియం అయాన్లను వెలుపలికి వెదజల్లి ఆవేశాన్ని తగ్గించే ఏర్పాటు చేశారు. 1994 నుంచి పనిచేస్తున్న విండ్ నౌకలోని రేడియో గ్రాహకం ప్లాస్మా సహజ కంపనాలను ఆలకిస్తుంది. ఘన సెంటీమీటరుకు 5 ఎలక్ట్రాన్లు ఉంటే ఆ పౌనఃపున్యం సుమారు 20 కిలోహెర్ట్జ్. ఈ అంకెపై నౌక ఆవేశ ప్రభావం దాదాపు ఉండదు కనుక, ఎలక్ట్రాన్ ఉపకరణపు లెక్కను దీనితో సరిచూసి దిద్దవచ్చు. ప్లాస్మాలో ధన, రుణ ఆవేశాలు సమతూకంలో ఉంటాయి కాబట్టి, అయాన్ల లెక్క కూడా ఒక గీటురాయి అవుతుంది. ‘పాపా’లోనే అయాన్లను కొలిచే భాగం ఉండటం, ఆస్పెక్స్ అనే మరో ఉపకరణం తోడుగా ఉండటం మనకు అనుకూలించే అంశాలు.

ఇది శాస్త్రవేత్తలు మాత్రమే పట్టించుకోవలసిన సూక్ష్మ విషయం కాదు. సాధారణ వేగంతో వచ్చే సౌర పవనం ఎల్1 నుంచి భూమిని చేరడానికి సుమారు గంట పడుతుంది. ఆ గంటే మనకు లభించే హెచ్చరిక వ్యవధి. 1989 మార్చిలో భూ అయస్కాంత తుపాను కారణంగా కెనడాలోని క్యూబెక్‌లో దాదాపు 60 లక్షల మంది గంటల తరబడి చీకటిలో గడిపారు. 2022 ఫిబ్రవరిలో అటువంటి తుపాను వల్లనే స్టార్‌లింక్ సంస్థ దాదాపు 40 ఉపగ్రహాలను కోల్పోయింది. భూమధ్యరేఖకు చేరువగా ఉన్న మన విద్యుత్ గ్రిడ్‌కు ముప్పు ఉత్తర దేశాలతో పోలిస్తే తక్కువే. అయితే ఉపగ్రహాలకు, నావిక్ వంటి దిక్సూచి సేవలకు ఆ రక్షణ లేదు. ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంబడి రెండు దిశల నుంచీ ప్రవహిస్తుంటే, సూర్యుని నుంచి విడివడిన అయస్కాంత మేఘం మనను కమ్ముకున్నదని భావించవచ్చు. కలుషితమైన లెక్కలో ఆ సంకేతం మరుగున పడవచ్చు.

సరిదిద్దడంలోనూ ప్రమాదం లేకపోలేదు. అవసరానికి మించి తీసివేస్తే నిజమైన సంకేతమే చెరిగిపోతుంది. అందువల్ల మూల అంకె, దిద్దిన అంకె, దిద్దిన పద్ధతి, మిగిలిన అనిశ్చితి అనే నాలుగూ ఒకేచోట ప్రజల ముందు ఉండాలి. విశ్వవిద్యాలయ విద్యార్థి సైతం ఆ లెక్కను తిరిగి చేసి చూడగలగాలి. ప్రయోగ దినాన వెల్లివిరిసే ఉత్సాహం, ఏళ్ల తరబడి సాగే ఈ క్రమాంకన కృషికి నిధుల రూపంలో, నిపుణుల రూపంలో కూడా అందాలి. ప్రజాధనంతో నింగికి చేరిన ఉపకరణం పంపే అంకెపై నమ్మకం ఆ కృషితోనే కలుగుతుంది.