శిక్షకుని మార్చిన చాలునా?

ఓటమి కలిగినంతనే శిక్షకుని తొలగింపుడను కేకలు లేచుట ఫుట్‌బాలు లోకమున పరిపాటి. ఇంగ్లండునందలి మాంచెస్టరు యునైటెడ్ జట్టు చరిత్ర యిందులకు గుణపాఠము. అలెక్సు ఫెర్గూసను 1986లో నియుక్తుడయ్యెను. 1989–90లో జట్టు లీగునందు పదమూడవ స్థానమునకు దిగజారగా ప్రేక్షకులు ఆయన నిష్క్రమణమును కోరిరి, నిర్వాహకులు చలింపలేదు. 2013లో విరమించునప్పటికి ఆయన 13 లీగు విజయములను సాధించియుండెను.

అటుపిమ్మట 2024 అక్టోబరు ముగియులోపల, స్థిరముగా నియుక్తులైన శిక్షకులు ఐదుగురు ఉద్వాసన పొందిరి. లీగు విజయ మొక్కటియు దక్కలేదు. టెన్ హాగునకు 2024 జులైలో గడువు పొడిగించి, అక్టోబరులోనే తొలగించినవారి దూరదృష్టి యెట్టిది?

అసమర్థుని తొలగింపవలసినదే. కాని, ఎంపిక చేసినవారు విచారణకు లోనుగాక శిక్షకుడొక్కడే దండితుడగుట, ఆడలేక మద్దెల యోడనుటయే. ముందు నిర్వాహకవర్గము సంజాయిషీ చెప్పవలెను. పిదప శిక్షకుని మాట.