కాళ్లు లేని ఆటగాడి కష్టాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... తొంభైల్లో ఈ ఊళ్ల పిల్లలకి బేస్‌బాల్ ఎలా పరిచయమై ఉంటుంది? టీవీలో మ్యాచ్‌లు చూసి కాదు, టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ క్యాసెట్‌లో! మేరియో, కాంట్రా లాంటివి అయ్యాక ఆ జాబితాలో ఎక్కడో అడుగున ‘బేస్‌బాల్’ అని ఉండేది. 1983లో నింటెండో చేసిన ఆట అది. నొక్కితే ఒకడు బ్యాటు పట్టుకుని నిలబడతాడు. బంతి తగిలాక ఎటు పరుగెత్తాలో తెలీదు. ‘వికెట్లే లేవు, ఇదేం క్రికెట్ రా సామీ’ అనుకుని మళ్లీ కాంట్రాకే పోవడం... చాలామంది బేస్‌బాల్ జీవితం అక్కడితో సరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1994 మార్చిలో, జపాన్‌లో కొనామి సంస్థ ఇంకో బేస్‌బాల్ ఆటని విడుదల చేసింది. పేరు ‘జిక్క్యో పవర్‌ఫుల్ ప్రో యాక్యూ’. పలకలేని వాళ్లకోసం జపాన్ పిల్లలే ముద్దుగా కుదించేశారు... పవాప్రో! ముప్ఫై ఏళ్లు దాటినా కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి.

ఇందులో ఆటగాళ్లని చూస్తే నవ్వొస్తుంది. పెద్ద గుండ్రటి తల, దానికింద గుప్పెడంత ఒళ్లు. ముక్కు ఉండదు. కాళ్లు కూడా ఉండవు, ఒంటికింద నేరుగా బూట్లే! పుంగనూరు ఆవుని చూసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషి నడుం దాకా రాకపోయినా అది నిండు ఆవే. అలాగే ఈ బొమ్మ వెనకున్న ఆట కూడా పిల్లాట కాదు. బంతి ఎక్కడికొస్తుందో ఊహించి, బ్యాటర్ తన గుర్తుని క్షణంలో అక్కడికి జరపాలి. గట్టిగా బాదాలనుకుంటే ఆ గుర్తు చిన్నదైపోతుంది. దురాశకి పోతే గురి తప్పుతుందన్నమాట. ‘జిక్క్యో’ అంటే ప్రత్యక్ష వ్యాఖ్యానం. అందుకోసం మొదట్లోనే అబె నొరియుకి అనే అసలు సిసలు బేస్‌బాల్ వ్యాఖ్యాతతో గొంతు ఇప్పించారు.

అసలు కథ 1996లో మూడో భాగంతో మొదలైంది. అందులో ‘సక్సెస్’ అనే విభాగం పెట్టారు. పేరు సక్సెస్సే కానీ ఎక్కువసార్లు ఎదురయ్యేది ఓటమే. మీరొక కొత్త కుర్రాణ్ని తయారుచేస్తారు. వాడిచేత సాధన చేయించాలి. మరీ ఎక్కువ చేయిస్తే ఒళ్లు అలిసి గాయమవుతుంది. విశ్రాంతి ఇస్తే రోజులు గడిచిపోతాయి. కోచ్ దృష్టిలో పడాలి. స్నేహితురాలిని నిర్లక్ష్యం చేస్తే ఆమె అలుగుతుంది, వాడి హుషారు పడిపోతుంది. కళ్లద్దాల స్నేహితుడు యాబె పక్కనే ఉంటాడు, ప్రతి మాట చివరా ‘యాన్సు’ అంటూ. ఇవన్నీ చూసుకుంటూ గడువులోగా పైకి రావాలి. రాలేదా... ఆట అయిపోయింది, వాడి కెరీరూ అయిపోయింది!

ఇందులో ఒక వింత డాక్టరున్నాడు. పేరు ‘దైజోబు’. జపాన్ భాషలో ‘ఫర్వాలేదు’ అని అర్థం. ఉన్నట్టుండి ప్రత్యక్షమై, ‘ఒక్క ఆపరేషన్ చేస్తా, నీ బలం అమాంతం పెరుగుతుంది’ అంటాడు. ఫలిస్తే అదృష్టం. ఫలించకపోతే పెంచుకున్న శక్తంతా కరిగిపోతుంది. అడ్డదారి ఎంత ఖరీదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఉపన్యాసాలు ఇవ్వకుండా చెప్పడమే ఇక్కడ గొప్ప.

1998లో వచ్చిన భాగంలో కథ హైస్కూలుకి మారింది. జపాన్‌లో హైస్కూలు బేస్‌బాల్ అంటే పెద్ద పండగే. 1915లో మొదలైన వేసవి టోర్నీకి ఇప్పటికీ మూడు వేలకు పైగా జట్లు పోటీపడతాయి. కోషియెన్ మైదానం దాకా చేరేవి నలభై తొమ్మిదే. ఆ భాగంలోనే హయకావా అవోయ్ అనే అమ్మాయి వచ్చింది. చేతిని నేలకి దగ్గరగా తెచ్చి కిందనుంచి విసిరే పిచర్. బ్యాటర్లని తికమక పెట్టగలదు కానీ, అమ్మాయిలకి చోటులేదనే నిబంధనని ఏం చేస్తుంది? బొమ్మల కథే అనుకున్నారు. పదేళ్లకి, 2008లో, యొషిదా ఎరి అనే పదహారేళ్ల అమ్మాయిని కొబె నగరపు జట్టు ఎంచుకుంది. ఆ మరుసటి ఏడు ఆమె ఒక స్వతంత్ర లీగులో మగవాళ్లతో కలిసి బరిలోకి దిగింది. అమ్మాయిల హైస్కూలు టోర్నీ ఫైనల్ కోషియెన్‌లో జరగడానికి మాత్రం 2021 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంగ్లీషులో ఈ ఆట వచ్చింది తక్కువ. 2007, 2008ల్లో అమెరికా జట్లతో ఒకసారి, 2023లో సింగపూర్‌లో జరిగిన ఒలింపిక్ ఈ-స్పోర్ట్స్ పోటీల ఏడాది మరోసారి. అందుకే మన దాకా రాలేదు. మనకొచ్చినవి క్రికెట్ గేమ్‌లు. కంప్యూటర్ ముందు కూర్చోగానే సచిన్‌గానో ధోనీగానో అయిపోవచ్చు. కొత్త కుర్రాడిగా మొదలయ్యే దారి ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ లాంటి వాటిలో ఉన్నా, అదీ ఎక్కువగా మ్యాచ్ చుట్టూనే తిరుగుతుంది. మదనపల్లెలో టెన్నిస్ బంతితో ఆడే పిల్లాడికి మాత్రం మ్యాచ్ ఒక్కటే సమస్య కాదుగా! ట్యూషను, పదో తరగతి, మోకాలి నొప్పి, ‘ఆటలు కూడు పెడతాయా’ అనే నాన్న... ఈ లెక్కలన్నీ వేసే క్రికెట్ ఆటని ఎవరైనా చేస్తే, అందులో ఓడిపోవడానికి కూడా పిల్లలు పోటీపడతారు.

2008లో పవాప్రోలో ఇంకో విభాగం చేర్చారు, ‘ఎయికన్ నైన్’ అని. ఇందులో మీరు ఆటగాడు కాదు, హైస్కూలు జట్టుకి శిక్షకుడు. మన పీఈటీ సారు అనుకోండి. బంతి పట్టడం రాని కుర్రాణ్ని మూడేళ్లు తీర్చిదిద్దుతారు. సరిగ్గా వాడు చేతికందే సమయానికి చదువైపోతుంది, వెళ్లిపోతాడు. ఎప్పుడో ఒకడు పెద్ద జట్టుకి ఎంపికయ్యాడని కబురొస్తుంది. ఈలోగా ఏప్రిల్ వస్తుంది. కొత్త తల, కొత్త పేరు. మళ్లీ బంతి పట్టడం దగ్గర్నుంచీ మొదలు.