ఇంద్రయాగాన్ని మార్చిన తీరు

ఆలయ ఉత్సవ సంఘమైనా, భజన మండలి అయినా, మీరు పనిచేసే కార్యాలయమైనా, కొత్త పద్ధతి తేగానే వినవచ్చే మాట ఒకటే: "ఇంతకాలం ఇలాగే చేస్తున్నాం కదా!" ఆ మాట అన్నవారిని మొండివారని తీసిపారేయడం మనకు పరిపాటి. భాగవత దశమస్కంధంలోని గోవర్ధనోద్ధరణ ఘట్టాన్ని ఈ దృష్టితో ఒకసారి చదవండి. కొండనెత్తిన మహిమ అందరూ ఎరిగినదే. అంతకుముందు జరిగిన సంభాషణనే మనం తొందరగా దాటేస్తాం.

వ్రేపల్లెలో ఇంద్రయాగానికి సన్నాహాలు సాగుతున్నాయి. శ్రీకృష్ణుడు తండ్రిని సమీపించి, ఈ యాగం ఎవరికి, ఎందుకు, ఇది శాస్త్రం విధించినదా, లోకాచారమా అని వినయంగా అడిగాడు. సర్వజ్ఞుడికి తెలియక కాదు సుమా! వానలిచ్చేవాడు ఇంద్రుడనీ, పరంపరగా వచ్చిన ధర్మాన్ని విడిచిపెడితే మేలు కలగదనీ నందుడు బదులిచ్చాడు. ఆయన భయం అర్థంలేనిది కాదు. పశువుల మేతా, మనుషుల తిండీ వానమీదే ఆధారపడ్డాయి. అంతా విన్న తరువాతే స్వామి తన వాదం వినిపించాడు. అడవుల్లో, కొండల్లో నివసించే మనకు ఈ గోవులు, ఈ గిరి దిక్కన్నాడు. ఇంద్రుడికై కూర్చిన సంభారాలతోనే గిరిపూజ చేద్దామన్నాడు. గోపకులు పడిన శ్రమ వ్యర్థం కాలేదు. పైగా, ఇది నా అభిప్రాయం, మీకు నచ్చితేనే చేయండన్నాడు. ఏడేళ్ల బాలుడి మాటకు చెవియొగ్గిన నందుణ్ణీ మెచ్చుకోవాలి!

భయపడిన కీడు రానే వచ్చింది. రాళ్లవాన కురిసింది. మార్పు చెప్పినవాడు పక్కకు తప్పుకోలేదు. ఏడు రోజులు కొండనెత్తి అందరినీ దాని కిందకు చేర్చుకున్నాడు. నేటి సంస్థల్లో సలహా ఇచ్చేది ఒకరు, తడిసేది మరొకరు. నాకున్న అభ్యంతరమంతా ఇక్కడే.

గర్వమణగి శరణన్న ఇంద్రుణ్ణి స్వామి పదవీచ్యుతుణ్ణి చేయలేదు. అహంకారం విడిచి నీ అధికారంలోనే ఉండమని పంపాడు. యాగం మారింది కానీ వానలు కురిపించే పని ఇంద్రుడిదే.

మీ ఉత్సవ సంఘం లెక్కలు ఈ ఏడాది కంప్యూటర్‌లోకి మారుతున్నాయనుకోండి. పాతికేళ్లుగా చిట్టా రాసిన పెద్దాయనకు ఏ దాత ఏ సేవకు ఇస్తాడో, ఏ ఇంటి మొక్కు ఏ వాహనానికో కంఠతా వచ్చు. రేపటి సమావేశంలో ఆయనకు ఏ పని అప్పగించబోతున్నారు?