అప్పు చేసి చూసుకోవడం కాదు, అప్పు తీర్చి చూసుకుందాం

పోస్టు పెద్దది. చివరిదాకా చదివి, కాదనిపిస్తే కింద గట్టిగానే కొట్లాడండి.

మన గ్రూపులో తిరిగి తిరిగి ఒక పోస్టు వస్తుంటది. ముసలి అమ్మానాయనల ఫోటో, దాని కింద "అప్పు చేసైనా సరే కన్నోళ్లని కడుపులో పెట్టి చూసుకోవాలి" అని ఒక మాట. దాని కింద దండాల మీద దండాలు. కన్నోళ్లని చూసుకోవడం మీద నాకు పేచీ లేదు. ఆ ముందున్న "అప్పు చేసైనా సరే" అన్న మూడు మాటల మీదే నా పేచీ అంతా. ఆ మూడు మాటలే మన ఇళ్లల్లో మొదటి తరం ఉద్యోగస్తుల్ని ముంచుతున్నయి. వాళ్లతో పాటు ఆ ముసలోళ్లనీ ముంచుతున్నయి.

నేను చెప్పేది ఒక్కటే. నెత్తిన అప్పు పెట్టుకొని ఇంకో అప్పుతో అమ్మానాయనలని చూసుకోవడం చూసుకోవడం కాదు. పాత అప్పు తీర్చడం కూడా వాళ్లని చూసుకోవడంలో భాగమే. ఈ రెంటినీ ఒకే లెక్కలో పెట్టకపోతే రెండూ పోతయి.

ముందు పట్నం సలహాల సంగతి. ఫోన్‌లో డబ్బు పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నరు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టు, జీతంలో ఇరవై శాతం దాచు, అప్పు తీరేదాకా ఎవరికీ రూపాయి ఇవ్వకు. ఆ పాఠం ఎవరికి? వాళ్ల నాయనకి పెన్షన్ వస్తది, పీఎఫ్ ఉంటది, పట్నంలో ఇల్లుంటది. మన నాయనకి ఏముంది? పోడు మీద నాలుగు ఎకరాలు, అరిగిపోయిన మోకాళ్లు. మన అమ్మ జీవితమంతా తునికాకు కోసింది, మిరప చేలకి కూలికి పోయింది. ఆమెకి పీఎఫ్ కట్టిన యజమాని ఎవరూ లేరు. మనమే వాళ్ల పీఎఫ్. కాబట్టి "ఇంటికి పంపడం ఆపు" అన్న సలహా మనకి పనికిరాదు. అది చెప్పేవాళ్లకి మన ఊరికి దారి కూడా తెలియదు.

కానీ మనోళ్ల సలహా కూడా అంతే గుడ్డిది. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నుంచి పిల్లవాడు ఇంటికి ఏటీఎం అయిపోతడు. ఇల్లు కప్పు మార్చాలి, తమ్ముడికి బండి కావాలి, నాయనకి ప్రైవేటు ఆసుపత్రి, మేనమామ ఇంట్లో పెళ్లికి చదివింపులు. జీతం అవుట్‌సోర్సింగ్‌లో ఇరవై వేలన్న సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పడు. చెప్తే పరువు పోతదని భయం. జీతం చాలని చోట పర్సనల్ లోన్, అది చాలని చోట యాప్ లోన్, అదీ చాలకపోతే సంతలో షావుకారు. పైకి మాత్రం "మా కొడుకు బాగా చూసుకుంటున్నడు" అని పేరు.

ఆ పేరు ఎవరికి లాభం? లెక్క వేద్దాం.

జీతం 20,000 అనుకోండి. నాయన ఆపరేషన్‌కి షావుకారు దగ్గర 60,000 తెచ్చినం, నూటికి ఐదు. అంటే నెలకి 3,000 వడ్డీ. ఇంటి కప్పుకి బ్యాంకులో 1,50,000 పర్సనల్ లోన్, 15 శాతం మీద మూడేళ్లకి. ఈఎంఐ 5,200. రెండూ కలిపి 8,200. గది, తిండి, బస్సు, ఫోను కలిపి 7,500. మిగిలింది 4,300. అమ్మానాయనలకి వెళ్లేది అంతే. షావుకారుకి 3,000, కన్నోళ్లకి 4,300. ఇంతకీ మనం చూసుకుంటున్నది ఎవర్ని?

ఆ 3,000 ఇరవై నెలలు కడితే 60,000. అసలు మొత్తం కట్టేసినట్టే. కానీ షావుకారు పుస్తకంలో అసలు 60,000 అట్లనే ఉంటది. ఒక్క రూపాయి తగ్గదు. అదే 60,000 అమ్మ డ్వాక్రా గ్రూపు ద్వారా రూపాయి వడ్డీకి దొరికితే, అదే 3,000 నెలనెలా కడితే, 23 నెలల్లో అసలూ వడ్డీ రెండూ తీరిపోతయి. మొత్తం కట్టేది 67 వేల చిల్లర. జీతం పెరగలేదు, మనం పస్తులుండలేదు. వడ్డీ ఒక్కటే మారింది. ఒక షరతు మాత్రం ఉంది. గ్రూపులో తీసుకున్నప్పుడు ఒక్క కిస్తీ కూడా తప్పకూడదు. తప్పితే ఆ భారం అమ్మతో కూర్చునే మిగతా ఆడోళ్ల మీద పడతది. అది షావుకారు కంటే పెద్ద పాపం.

ఇప్పుడు చరిత్ర. "నూటికి ఐదు మామూలే కదా" అంటున్నం. మన తాతల కాలంలో గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీల్లో షావుకార్లు భూములు మింగుతుంటే, 1917 లో తెల్లదొరల సర్కారే ఒక చట్టం తెచ్చింది. కొండజాతుల వాళ్ల దగ్గర ఏడాదికి 24 శాతం మించి వడ్డీ ఒప్పుకోకూడదు. వడ్డీ మీద వడ్డీ వేయకూడదు. మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు. నూటికి ఐదంటే ఏడాదికి 60 శాతం. వందేళ్ల కిందటి దొర కూడా ఎక్కువన్న దానికి రెండున్నర రెట్లు మనం నోరు మూసుకొని కడుతున్నం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయకూడదని 1960 లో రెగ్యులేషన్ వచ్చింది. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 రెగ్యులేషన్, దాన్ని బిగిస్తూ 1970 లో 1/70 వచ్చినయి. 1976 లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఇవన్నీ ఎందుకొచ్చినయి? అప్పే మనోళ్ల భూమిని గుంజింది, అప్పే మనోళ్లని జీతగాళ్లని చేసింది కాబట్టి.

చట్టం భూమికి కాస్త కాపలా పెట్టింది. జీతానికి కాపలా లేదు. అప్పుడు తాకట్టు పెట్టింది భూమి, ఇప్పుడు తాకట్టులో ఉన్నది మన జీతం. మొదటి తారీఖు జీతం పడంగనే రెండో తారీఖు ఎవరో గుంజుకుపోతుంటే, దాన్ని ఉద్యోగం అనుకోవాలా, జీతగాడితనం అనుకోవాలా?

కాబట్టి మన తరం కొన్నింటిని కాదనాలి.

ఒకటి, నోటు తిరగరాయడం. ప్రామిసరీ నోటు గడువు మూడేళ్లు. మూడో ఏడు రాగానే షావుకారు వచ్చి వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటడు. ఇప్పుడు నాయన వేలిముద్ర బదులు ఉద్యోగం ఉన్న కొడుకు సంతకం అడుగుతడు. అక్కడే ఆగండి. నాయన చేసిన అప్పుకి, ఆయన పోయిన తర్వాత, ఆయన నుంచి మనకి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. మన జీతం దానికి జామీను కాదు. సంతకం పెడితేనే అది మన అప్పు అవుతది. తీసుకున్న అసలు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఇప్పటిదాకా ఎంత కట్టినం, ఎంత మిగిలింది అని పెద్దమనుషుల ముందు లెక్క తేల్చకుండా సంతకం పెట్టొద్దంటున్న.

రెండు, దినాలకి అప్పు. మా వైపు ముందు దినాలంటే చుట్టాలు తలా ఇన్ని బియ్యం, తలా ఒక కోడి తెచ్చేవాళ్లు. ఊరంతా కలిసి మోసే బరువు అది. ఇప్పుడు టెంటు, డీజే, ఫ్లెక్సీ, ఊరందరికీ మాంసం, అంతా ఒక్క ఉద్యోగస్తుడి మీద. బతికున్నప్పుడు బీపీ మాత్ర నెలంతా కొనలేని ఇల్లు, పోయాక లక్ష రూపాయల దినం చేస్తే అది ఎవరి ఆచారం? మన పెద్దలది మాత్రం కాదు.

మూడు, ఒక్కడి మీదే భారం. తల్లిదండ్రుల పోషణ మీద 2007 లో చట్టం వచ్చింది. కొడుకులు, కూతుళ్లు అందరిదీ బాధ్యత అన్నది. ఉద్యోగం వచ్చినోడిది ఒక్కడిదే అనలేదు. అందరూ కూర్చొని ఎవరు ఎంత అని మాట్లాడుకోవాలి. డబ్బు లేనోళ్లు పని ఇవ్వొచ్చు. అసలు ఈ విషయం ఎవరూ మాట్లాడరు గానీ, చాలా ఇళ్లల్లో డిగ్రీ మధ్యలో మానేసి పక్షవాతం వచ్చిన నాయనకి ఒళ్లు తుడిచేది చెల్లే. పట్నంలో ఉన్న అన్న నెలకి మూడు వేలు పంపి "నేనే చూసుకుంటున్న" అంటడు. ఆ చెల్లి వదులుకున్న కూలి, వదులుకున్న చదువు ఏ లెక్కలో ఉన్నయి? ఆస్తి పంచేటప్పుడు ఆమె పేరు ఉంటదా? లెక్క రాసేటప్పుడు ఆమె పనికి కూడా ఒక గీత పెట్టండి.

నాలుగు, హక్కుగా వచ్చేది వదిలేసి వడ్డీకి తెచ్చుకోవడం. అమ్మానాయనలకి వృద్ధాప్య పెన్షన్ వస్తుందా? ఆంధ్రాలో 2024 నుంచి 4,000, తెలంగాణలో ఆసరా 2,016. ఆధార్‌లో వయసు తప్పు పడిందని ఏళ్ల తరబడి ఆగిపోయిన పెన్షన్లు ఊరికి ఎన్ని ఉన్నయో చూడండి. అది సరిచేయించడానికి ఒక రోజు సెలవు పెడితే, ఆ రోజు విలువ ఏ లోన్ కంటే ఎక్కువే. బీపీ, షుగర్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితం. జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే, మీ మీద ఆధారపడ్డ అమ్మానాయనలకి కూడా వైద్యం హక్కు ఉంది. కార్డులో వాళ్ల పేర్లు ఎక్కించినరా? ఆపరేషన్ అనగానే ఆరోగ్యశ్రీలో ఉందా అని అడగకుండా షావుకారు ఇంటికి పరిగెత్తడం ఎందుకు? "సర్కారుది అడుక్కోవడం నామోషీ" అనేవాళ్లకి ఒక మాట. నూటికి ఐదు అడుక్కోవడం నామోషీ కానప్పుడు ఇది ఎట్ల నామోషీ అయింది?

యాప్ లోన్ల మాట విడిగా. రిజర్వు బ్యాంకు 2022 లోనే చెప్పింది. లోన్ యాప్ మన ఫోన్‌లోని నంబర్లు, ఫోటోలు గుంజకూడదు. వసూలు వాళ్లు ఉదయం 8 కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. అమ్మకి ఫోన్ చేసి బూతులు తిడితే అది వసూలు కాదు, నేరం. రికార్డు చేసి 1930 కి చెప్పండి. బ్యాంకుల మీద, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదు ఎట్ల చేయాలో తెలుసుకోవడానికి రిజర్వు బ్యాంకు నంబరు 14448. భయపడి ఒక యాప్ తీర్చడానికి ఇంకో యాప్ దించుకోకండి. ఆ గుంతకి అడుగు ఉండదు.

ఇప్పుడు మీరు అనబోయేది నాకు తెలుసు. "అమ్మానాయనల దగ్గర లెక్కలేంది? ప్రేమకి లెక్కలుంటయా?" ఉంటయి. సంత నుంచి వచ్చాక ఉప్పుకెంత, నూనెకెంత అని వేళ్ల మీద లెక్క పెట్టింది మన అమ్మే. ఆ లెక్కతోనే మనల్ని హాస్టల్‌కి పంపింది. మనకి లెక్క నేర్పినామెకి మన జీతం లెక్క చెప్పడానికి సిగ్గెందుకు? చెప్పకపోవడం వల్ల ఏమవుతున్నదో తెలుసా? మనం ఇక్కడ అప్పు దాస్తం. కొడుకు ఇబ్బందుల్లో ఉన్నడని వాళ్లకి ఎట్లనో అర్థమై, వాళ్లు అక్కడ మేకని అమ్మేస్తరు, మాత్రలు రోజు మార్చి రోజు వేసుకుంటరు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు నష్టపోతున్నరు. లాభం మాత్రం మూడోవాడికి.

ఇంకొకరు అంటరు, "తప్పు మనది కాదన్నా, పర్మనెంట్ ఉద్యోగాలు ఇవ్వని సర్కారుది, డాక్టర్ లేని ఆసుపత్రిది." నిజమే. దానికోసం ధర్నాలో నేనూ ఉంటా. కానీ నెలనెలా కిస్తీకి భయపడేవాడు ధర్నాకి రాడు. ఉద్యోగం పోతదని సూపర్‌వైజర్ ముందు నోరు విప్పడు. అప్పు మన జేబునే కాదు, మన గొంతునీ పట్టుకుంటది. ఉద్యమం కావాలనుకునేవాళ్లు అప్పు తీరాలని ముందు కోరుకోవాలి.

అందుకే వరుస ఇట్ల పెట్టుకుందాం. ముందు అమ్మానాయనల తిండి, మాత్రలు. వాటిని ఏ కిస్తీ కోసమూ ఆపొద్దు. తర్వాత మన తిండి, గది. తర్వాత బ్యాంకు ఈఎంఐ. కట్టలేమనిపిస్తే తప్పకముందే మేనేజర్ దగ్గరికి పోయి గడువు పెంచమని అడగాలి. మిగిలిన ప్రతి రూపాయీ అన్నింటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు మీదికి. అది తీరేదాకా కొత్త బండి లేదు, చదివింపుల పోటీ లేదు, ఫ్లెక్సీ లేదు. తిట్టేవాళ్లు తిడతరు. తిట్టినోళ్లెవరూ మన కిస్తీ కట్టరు.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నరా" అన్న తర్వాత ఇంకో మాట అడగండి. "మన ఇంటి మీద మొత్తం ఎంత అప్పుంది, ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి?" కాగితం మీద రాయండి. మీ అప్పులు కూడా దాని కిందనే రాసి వాళ్లకి చదివి వినిపించండి. షావుకారు పుస్తకం ఒక్కటే ఉన్నన్నాళ్లు వాడు చెప్పిందే లెక్క. మన ఇంట్లో కూడా ఒక పుస్తకం ఉండాలె.

పెన్షన్ కాగితాలు, ఈఎస్ఐ, ఆరోగ్యశ్రీ పనులు తెలిసిన అన్నలు, అక్కలు కింద మీ మండలం పేరు రాయండి. అడగడానికి మొహమాటపడే తమ్ముళ్లు, చెల్లెళ్లు నేరుగా వాళ్లకి మెసేజ్ పెట్టుకుంటరు.

జై ఆదివాసీ.