పేదల రొట్టెకు పెద్దల బిల్లు

'క్యాజువల్ డైనింగ్' అనే మాటను ఎవరు పుట్టించారో గాని, గడుసువారే. గోడలకు గిలాబా ఉండదు, బల్లపై గుడ్డ ఉండదు, వడ్డించేవారు టీషర్టులు తొడుక్కొని చనువుగా పలకరిస్తారు. తగ్గనిదొక్కటే, ధర. హైదరాబాదులో ఇటువంటి కట్టెలపొయ్యి పిజ్జాశాలలకు ఇప్పుడు కొదవలేదు. ఆడంబరం లేకపోవడానికే ఆడంబరపు ధర చెల్లిస్తున్నామని తినేవారికి తోచకపోవడం నాకు వింత.

ఇంతకూ పిజ్జా ఏమిటి? నేపుల్స్ నగరపు పేదజనం వీధిలో నిలబడి తిన్న రొట్టె. ఈరోజు తిని ఎనిమిదో రోజున డబ్బిచ్చే ఆచారం కూడా ఆ ఊళ్ళో ఉండేది. 1954లో డి సికా తీసిన 'లోరో ది నాపోలి' సినిమాలో సోఫియా లోరెన్ అమ్మేది ఆ అరువు పిజ్జాయే. ('అప్పు రేపు' అని బోర్డు కట్టుకునే మన కిరాణాకొట్ల కన్నా ఉదారులు!)

చేసేవాని నేర్పును నేను తక్కువ చేయడం లేదు. నాలుగు వందల డిగ్రీలు దాటిన పొయ్యిలో నిమిషం, నిమిషంన్నరలో మాడకుండా తిప్పి తీయడం విద్యే. 2017లో యునెస్కో ఆ విద్యను మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది కూడా. ఆ చేతికి వెల కట్టమనండి, ఇస్తాను. అద్దె, దిగుమతి చీజు, చల్లని గాలి, అన్నింటినీ పిజ్జా ధరలోనే రాయండి; చదువుకొని, కూర్చోవాలో లేవాలో మేమే తేల్చుకుంటాం.

నా తగవంతా బిల్లు అడుగున నక్కి ఉండే సర్వీసు చార్జీతోనే. 5 శాతం జీఎస్టీ పన్ను గనుక కట్టక తప్పదు. ఇది పన్ను కాదు. హోటళ్ళు తమంతట తాము దీనిని బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకెక్కితే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. అయినా మొన్న నేను వెళ్ళినచోట 10 శాతం కలిపే తెచ్చారు.

తెస్తారు మరి! పునుగుల బండి దగ్గర ఇంకో రెండు వెయ్యమని, చట్నీ మళ్ళీ పొయ్యమని గదమాయించే మనం, అక్కడ 'ఇదేమిటి?' అని అడగడానికి సిగ్గుపడతాం. ఇంగ్లీషులో అడగవలసి వస్తుందనా? పక్కబల్లవారు పిసినారులనుకుంటారనా? ఆ సిగ్గే వాళ్ళకు పెట్టుబడి.

తీసేయమన్నాను. మేనేజరు మారుమాట లేకుండా కొత్త బిల్లు తెచ్చాడు. వడ్డించిన కుర్రవాడి చేతిలో వంద పెట్టి, "ఆ చార్జీలో నీకెంత వస్తుంది బాబూ?" అని అడిగాను. మేనేజరు వైపు చూసి ఊరుకున్నాడు.